కరెంటు (రేడియేషన్) పెట్టాక దెబ్బతిన్న దవడ ఎముకకు స్టెమ్ సెల్స్: నాన్నకు చేయించమంటారా?

పొన్నూరు పెద్దమ్మాయి | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకు 61 ఏళ్లు. పొన్నూరు దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. నలభై ఏళ్లు ఖైనీ వేశారు. నాలుగేళ్ల కిందట కుడి బుగ్గలో క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేసి, తర్వాత 33 సార్లు కరెంటు పెట్టారు. క్యాన్సర్ తగ్గింది. కానీ పోయినేడాది కింది దవడలో పన్ను నొప్పి అంటే దగ్గర్లో ఉన్న పళ్ల డాక్టరు పీకేశారు. ఆ పుండు ఇంతవరకు మానలేదు. ఎనిమిది నెలలైనా చిగురు మూసుకోలేదు, లోపల ఎముక తెల్లగా కనిపిస్తోంది. సంక్రాంతి తర్వాత దవడ కింద చర్మానికి చిల్లు పడి చీము కారుతోంది. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టవు. అన్నం మెత్తగా పిసికి పెడుతున్నాం.

గుంటూరులో చూపిస్తే, రేడియేషన్ వల్ల ఎముక చచ్చిపోయింది, ఆ ముక్క తీసేసి కాలి ఎముక తెచ్చి పెట్టాలి అన్నారు. నాన్న ఆ మాట వినగానే లేచి బయటికొచ్చేశారు. ఈలోగా మా బంధువు ఒకాయన విజయవాడలో ఒక క్లినిక్ సంగతి చెప్పారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు) దవడలో ఎక్కిస్తారట. రెండు సిట్టింగులు, నాలుగున్నర లక్షలు. కోత ఉండదు, ఎముక మళ్లీ పెరుగుతుంది అన్నారు. అమ్మ రోడ్డు పక్క 20 సెంట్లు అమ్మేద్దాం అంటోంది, బేరం కూడా వచ్చింది. గురువారంలోపు అడ్వాన్సు కట్టాలి.

ఎవరైనా చేయించారా? కట్టమంటారా, వద్దంటారా?

పిడుగురాళ్ల శ్రీను | రాత్రి 9:52

ధైర్యంగా ఉండండి అక్కా. మా మేనమామకూ కరెంటు పెట్టాక నోరు తెరుచుకోలేదు. ఎముక సంగతి మాత్రం తెలియదు.

సత్తెనపల్లి టెక్నీషియన్ | రాత్రి 10:15

అమ్మా, అడ్వాన్సు కట్టొద్దు. ముందు ఈ మాట చెప్పి తర్వాత కారణం చెబుతాను.

నేను 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మన దేశంలో స్టెమ్ సెల్స్‌ను మామూలు వైద్యంగా ఇవ్వడానికి ఒప్పుకున్నది రక్తానికి సంబంధించిన జబ్బుల్లో చేసే మూలుగ మార్పిడికే. దేశంలో వైద్య పరిశోధనను చూసే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, మిగతా జబ్బులకు ఏది చేసినా అది ప్రయోగమే, అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే మనుషుల మీద పద్ధతిగా చేసే పరీక్షలోనే చేయాలి. 2007లో ఆ మార్గదర్శకాల పేరులో పరిశోధనతో పాటు చికిత్స అనే మాట కూడా ఉండేది. 2013లో ఆ మాటే తీసేశారు. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్టరులో నంబరు ఉంటుంది, ఫోన్లోనే ఉచితంగా చూసుకోవచ్చు. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర ప్రయోగం ఖర్చు తీసుకోకూడదు. నాలుగున్నర లక్షలు అడిగారంటే అది ట్రయల్ కాదు.

ఇంతలా చెప్పడానికి కారణం ఉంది. మా అబ్బాయికి కండరాలు కరిగిపోయే జబ్బు. 2014లో వేరే రాష్ట్రంలో ఒక చోట ఆరు లక్షలు కట్టి మూడుసార్లు స్టెమ్ సెల్స్ ఎక్కించాం. ప్రావిడెంట్ ఫండ్ అంతా తీశాను. నెలరోజులు బాగున్నట్టే అనిపించింది. ఆ తర్వాత ఫోన్ చేస్తే నాలుగో సిట్టింగు కావాలన్నారు. అబ్బాయి ఇప్పుడు లేడు.

కరకట్ట | రాత్రి 10:41

మాస్టారూ, మీ అబ్బాయి సంగతి విని బాధేసింది. కానీ మీ అబ్బాయి జబ్బు వేరు, ఇది వేరు. అది పుట్టుకతో వచ్చే జన్యువుల జబ్బు, ఇది ఒకచోట ఎముక దెబ్బతినడం. మూలుగలో ఎముకను తయారుచేసే కణాలు ఉన్నాయన్నది ఎవరూ కాదనరు కదా. పైగా ఆయన కణాలు ఆయనకే పెడుతున్నారు. మన పొలంలో మట్టి తీసి మన గట్టుకే వేసుకుంటే ఎవరి అనుమతి కావాలి?

రేడియేషన్‌తో చచ్చిన దవడకు స్టెమ్ సెల్స్ పెట్టి మాన్పిన మనుషుల కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. నేను చదివాను. పెద్దమ్మాయి గారూ, నాన్నగారు ఆపరేషన్ వద్దని లేచొచ్చారంటే ఆయన భయానికీ విలువ ఇవ్వండి.

మాచవరం | రాత్రి 10:58

ఆక్సిజన్ ఛాంబర్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? గాలి ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఆపరేషన్‌కు ముందు 30 సార్లు, తర్వాత 10 సార్లు. అమెరికాలో మార్క్స్ అనే దవడ సర్జన్ 1983లోనే చెప్పాడు, రేడియేషన్ తగిలిన ఎముకలో రక్తనాళాలు, కణాలు, ఆక్సిజన్ మూడూ తగ్గిపోతాయని. ఆక్సిజన్ ఇస్తే సరిపోయేదానికి ఇవన్నీ ఎందుకు?

అరండల్‌పేట డెంటిస్ట్ | రాత్రి 11:20

పెద్దమ్మాయి గారూ, నేను దవడ సర్జన్‌ను కాదు, మామూలు పళ్ల డాక్టర్‌ను. మీరు రాసింది చదివితే ఆస్టియోరేడియోనెక్రోసిస్‌లాగే ఉంది. కరెంటు పెట్టిన చోట ఎముక బయటపడి మూడు నెలలు దాటినా మానకపోతే, అక్కడ క్యాన్సర్ మళ్లీ లేదని తేలితే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. పై దవడకన్నా కింది దవడకే ఎక్కువ వస్తుంది, ఎముక గట్టిది, రక్తం అందేది తక్కువ. డోసు 60 గ్రే (రేడియేషన్ కొలత) దాటినచోట ప్రమాదం ఎక్కువ. 33 సార్లు అంటే సుమారు 66 గ్రే అయి ఉంటుంది, డిశ్చార్జి కాగితంలో చూడండి.

రెండు సంగతులు. మొదటిది, ముక్క పరీక్ష (బయాప్సీ) చేశారా? మానని పుండు కింద క్యాన్సర్ తిరిగి వచ్చిందేమో చూడకుండా ఏ కణాలూ ఎక్కించకూడదు. ఈ కణాలు రక్తనాళాలు పెరిగే పదార్థాలు విడుదల చేస్తాయి. మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలకు అది మేత అవుతుందేమో అన్న అనుమానం వైద్యుల్లో ఉంది.

రెండోది, జబ్బు ఏ దశలో ఉందన్నది. పళ్లు నిలబడే పై అంచు ఎముక వరకే పోతే మొదటి దశ. దవడ లోపల నరం వెళ్లే కాలువకు పైనే ఆగితే రెండో దశ. కాలువ కిందికి దిగినా, చర్మానికి చిల్లు పడినా, ఎముక విరిగినా మూడో దశ. దవడ కింద చీము కారుతోందంటే నాన్నగారిది మూడో దశే అయి ఉండాలి. మొదటి దశలో శుభ్రం చేయడం, పెంటాక్సిఫిలిన్ మాత్ర, విటమిన్ ఇ లాంటివి డాక్టరు నెలల తరబడి వాడిస్తారు, కొందరికి మానుతుంది. మూడో దశలో చచ్చిన ఎముక తీయక తప్పదు. అక్కడ రక్తమే అందడం లేదు. నీళ్లు రాని మడిలో నారు పోసినట్టు, ఎంత మంచి కణాలు వేసినా బతకాలి కదా.

మాచవరం గారూ, 2004లో ఫ్రాన్సులో 68 మంది మీద పరీక్ష చేశారు. ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో 19 శాతం కోలుకుంటే, ఇవ్వనివాళ్లలో 32 శాతం కోలుకున్నారు. మధ్యలోనే ఆపేశారు.

మాచవరం | రాత్రి 11:31

ఒక్క పరీక్ష చూపించి మొత్తం కొట్టేస్తే ఎలా? మా బావగారికి 20 సార్లు పెట్టాక చీము తగ్గింది. నేను కళ్లతో చూశాను.

పొన్నూరు పెద్దమ్మాయి | రాత్రి 11:45

డాక్టరు గారూ, ముక్క పరీక్ష చేయలేదు. ఇంకొకటి అడగాలి. ఆ పన్ను పీకడం వల్లేనా ఇదంతా? నాన్న మెడమీద నల్లటి కరెంటు మచ్చ కనిపిస్తూనే ఉంది. పీకిన ఆయన ఒక్క మాట అడగలేదు. నాకు నిద్ర పట్టడం లేదు.

అరండల్‌పేట డెంటిస్ట్ | సోమవారం ఉదయం 7:10

పన్ను పీకడం చాలామందిలో మొదటి దెబ్బ అవుతుంది, నిజమే. అందుకే రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పాడైన పళ్లు తీసేయాలి. తర్వాత పీకాల్సి వస్తే రేడియేషన్ డాక్టరుతో మాట్లాడి చేయాలి. కానీ పన్ను ముట్టుకోకపోయినా కొందరికి ఎముక దానంతటదే పాడవుతుంది. నాన్నగారికి ఏది కారణమో నేను ఇక్కడి నుంచి చెప్పలేను.

కరకట్ట | ఉదయం 7:48

మీ వృత్తివాళ్లను మీరు వెనకేసుకురావడం బాగాలేదు. అడగకుండా పీకడం తప్పా కాదా, ఒక్క మాట చెప్పండి.

అరండల్‌పేట డెంటిస్ట్ | ఉదయం 7:55

తప్పే. అడగాలి. క్యాన్సర్ వచ్చిందా, కరెంటు పెట్టారా అని నేను ప్రతి రోగినీ అడుగుతాను.

సత్తెనపల్లి టెక్నీషియన్ | ఉదయం 8:30

కరకట్ట గారూ, పన్ను సంగతి పక్కన పెట్టి మీ ప్రశ్నకు వద్దాం. సొంత కణాలు కాబట్టి ఎవరి అనుమతి కావాలన్నారు. 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో స్టెమ్ సెల్స్‌తో తయారైనదాన్ని కొత్త మందుగానే లెక్కేశారు.

నేను ల్యాబ్‌లో చేసినవాణ్ని. మూలుగ తీసి యంత్రంలో తిప్పి, చిక్కబడిన భాగాన్ని సిరంజిలో ఎక్కించి ఇస్తారు. ఆ కణాల్లో ఎముకగా మారగలవి లక్షకు ఒకటి, మహా అయితే పది. పెంచి లెక్కపెడితే తప్ప సిరంజిలో ఎన్ని ఉన్నాయో తెలియదు. మీరు చదివిన కేసులు కూడా ఒక్కరో ఇద్దరో, వేళ్లమీద లెక్కపెట్టేవి. ఎలుకల్లో, పందుల్లో ఎముక పెరిగింది, కాదనను. మనుషుల్లో పెద్ద పరీక్ష ఏదీ చూపించండి.

కరకట్ట | ఉదయం 9:05

ఒక్కరికి మానినా మానినట్టే కదా మాస్టారూ. మోకాళ్ల అరుగుదలకు స్టెమ్ సెల్స్ మందుకు 2022లో మన దేశంలోనే అనుమతి వచ్చింది. మరి అన్నీ మోసమే అని ఎలా అంటారు?

సత్తెనపల్లి టెక్నీషియన్ | ఉదయం 9:22

అన్నీ మోసమని నేను అనలేదు. ఆ మోకాలి మందు నేనూ చదివాను. ట్రయల్స్ చేసి, లెక్కలు చూపించి అనుమతి తెచ్చుకున్నారు. అది రోగి సొంత కణాలు కూడా కాదు, దాతల మూలుగ నుంచి తీసి ల్యాబ్‌లో పెంచినవి. మోకాలికి వచ్చిన అనుమతి రేడియేషన్ తగిలిన దవడకు చెల్లదు. దవడకూ అలాగే ట్రయల్ చేయమనండి, నేనే ముందు చేరమంటాను.

లక్ష్మీపురం | ఉదయం 10:40

మీ వాదన మీదే గానీ ఆ అమ్మాయికి గురువారం గడువు ఉంది. అది చూడండి.

కరకట్ట | ఉదయం 11:15

సరే, గురువారం సంగతే మాట్లాడదాం. మీరందరూ ఆపరేషన్ చేయించమంటున్నారు. దాని సంగతి నేను చెబుతాను, వినండి.

మా అన్నయ్యకు ఇదే జబ్బు. పేరున్న పెద్ద ఆసుపత్రి. కాలి ఎముక తీసి దవడకు పెట్టారు. పదకొండు గంటలు పట్టింది. ఆరోగ్యశ్రీలో కొంత పోను మిగతాదానికి ఎకరం పొలం పోయింది. మూడోరోజు ఆ ముక్క నల్లబడింది. మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి తీసేశారు. కాలు కోత మిగిలింది, దవడ లేదు. తర్వాత రెండేళ్లు ముక్కుగొట్టంతోనే బతికాడు. పెళ్లికి గానీ పండక్కి గానీ రాలేదు, తువ్వాలు అడ్డంపెట్టుకుని గదిలోనే ఉన్నాడు. ఆ రోజు నాకు ఎవరైనా స్టెమ్ సెల్స్ అనే మాట చెప్పి ఉంటే రెండో ఎకరం కూడా అమ్మేవాణ్ని.

సత్తెనపల్లి టెక్నీషియన్ | ఉదయం 11:28

మీ అన్నయ్యది దురదృష్టం. ఆ ఆపరేషన్ పదిలో తొమ్మిదిమందికి నిలుస్తుంది. ఒక్క కేసు పట్టుకుని ఈ అమ్మాయిని భయపెట్టకండి.

కరకట్ట | ఉదయం 11:36

మా అన్నయ్య మీకు ఒక్క కేసా? మీ అబ్బాయి మాత్రం సాక్ష్యమా?

మీ ఆరు లక్షలు పోతే మోసం. మా ఎకరం పోతే దురదృష్టం. కోటు వేసుకుని పెద్ద ఆసుపత్రిలో చేస్తే, పోయినా ఎవరూ ఏమీ అనకూడదు. సంతకం పెట్టారు కదా అంటారు. చిన్న క్లినిక్‌లో పోతే మాత్రం దొంగలంటారు. నేను స్టెమ్ సెల్స్ కోసం కొట్లాడటం లేదు. నన్ను అడగకుండా మా అన్నయ్యను దురదృష్టం కింద రాసేస్తారు చూడండి, దానికి నా కడుపు రగిలిపోతోంది.

నిర్వాహకుడు | ఉదయం 11:50

ఇద్దరూ పెద్దవాళ్లు. బిడ్డల గురించి, తోబుట్టువుల గురించి మాట్లాడేటప్పుడు ఒక్క నిమిషం ఆగి రాయండి.

సత్తెనపల్లి టెక్నీషియన్ | మధ్యాహ్నం 2:20

భోజనం చేయలేకపోయాను. ఒక్క కేసు అన్నది తప్పు మాట. క్షమించండి.

కానీ మనిద్దరి తేడా ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఫెయిలవడాన్ని నేను మోసం అనడం లేదు. మీ అన్నయ్యకు ఫెయిలైంది అని ఆ ఆసుపత్రి పుస్తకంలో ఉంటుంది. ఎన్నో రోజున నల్లబడింది, కరెంటు ఎంత పడింది, ఏ రక్తనాళానికి కుట్టారు, అన్నీ రాసి ఉంటాయి. పదిలో ఒకరికి పోతుంది అని ఈ రోజు డాక్టరు ఈ అమ్మాయికి ముందే చెప్పగలుగుతున్నాడంటే అలాంటి లెక్కల వల్లే. మా అబ్బాయికి వేసిన మూడు ఇంజక్షన్లు ఎక్కడా లేవు. రసీదు మీద కన్సల్టేషన్ అని రాశారు. వాడి కండరాలు ముందెలా ఉన్నాయి, తర్వాతెలా ఉన్నాయి అని కొలిచినవాళ్లు లేరు. మా తర్వాత వచ్చిన తల్లిదండ్రులకు కూడా బాగుపడతాడనే చెప్పారు, ఆ వరండాలో కూర్చుని నేనే విన్నాను. మా వాడు లెక్కలోకి రాకుండా పోయాడు. నా బాధ డబ్బు కాదు.

కరకట్ట | మధ్యాహ్నం 3:05

మా అన్నయ్య లెక్కలో ఉంటే మాకేం ఒరిగింది మాస్టారూ? ఆయన గదిలోనే పోయాడు.

మీరు చెప్పింది అర్థమైంది. అయినా నేను మారను. దారి లేనివాడికి ఏదో ఒకటి ప్రయత్నించే హక్కు ఉండాలి. లెక్క రాయమని క్లినిక్‌ను అడగండి, అంతేగానీ తలుపు మూసేయకండి.

సత్తెనపల్లి టెక్నీషియన్ | మధ్యాహ్నం 3:18

హక్కు ఉండాలి. అమ్ముడుపోయే హక్కు కాకూడదు. ట్రయల్‌లో హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, పరిహారం ఇవ్వాలి. ఆ క్లినిక్ ఇస్తుందా?

వార్డు సిస్టర్ | సాయంత్రం 5:30

పొద్దుటి నుంచి చదువుతున్నాను. తల, మెడ క్యాన్సర్ వార్డులో 14 ఏళ్లుగా ఉన్నాను. అమ్మా, మీ నాన్నగారు కాలి ఎముక అనగానే లేచొచ్చారన్నావు. ఎందుకు లేచారో అడిగారా? దవడకు భయపడ్డారా, కాలికి భయపడ్డారా?

మా దగ్గర రైతులు చాలామంది ఇక నడవలేమనే అనుకుంటారు. కాలి బరువు మోసేది ముందున్న పెద్ద ఎముక. తీసేది పక్కనుండే సన్న ఎముకలో మధ్య ముక్క. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కొంత వదిలేస్తారు. కర్ర పట్టుకుని మొదలుపెట్టి, నెలల్లో మామూలుగా నడిచేవాళ్లే ఎక్కువ. కొందరికి చీలమండ నొప్పి, బొటనవేలు బిగుసుకోవడం ఉంటాయి, దాచను. కరెంటు పడిన మెడలో రక్తనాళాలు కుట్టడం కష్టం, కాబట్టి ఇలాంటివి తరచుగా చేసే టీమ్ దగ్గరికే వెళ్లాలి. నెలకు ఎన్ని చేస్తారు, ఎన్ని పోయాయి అని అడగడానికి మొహమాటపడకండి. కరకట్ట గారి అన్నయ్యలాంటివాళ్లను మేమూ చూశాం, రాత్రిళ్లు గంటకోసారి ఆ ముక్క రంగు చూస్తూ కూర్చున్నాం.

పొన్నూరు పెద్దమ్మాయి | బుధవారం రాత్రి 8:50

అందరికీ దండాలు. రెండు రోజులు రాయలేకపోయాను.

సిస్టర్ గారూ, మీరు అడగమన్నట్టే నాన్నను అడిగాను. కాలి ఎముక తీస్తే పొలం గట్టు మీద నడవలేను, ఎవరో ఒకరు మోయాలి అనుకున్నారట. మూడు నెలలుగా అదే మనసులో పెట్టుకున్నారు. మేమేమో దవడ కోత అంటే భయమనుకున్నాం.

మాస్టారు చెప్పినట్టు క్లినిక్‌కు ఫోన్ చేసి సీటీఆర్‌ఐ నంబరు అడిగాను. అది మీకు అవసరం లేదమ్మా, రేపు రేటు పెరుగుతుంది అన్నారు. ముక్క పరీక్ష లేకుండా చేస్తారా అంటే చేస్తామన్నారు. అడ్వాన్సు కట్టడం లేదు. అమ్మ ఒప్పుకోలేదు, రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. స్థలం బేరం మాత్రం ఆపింది.

సోమవారం ముక్క పరీక్షకు, స్కానింగ్‌కు వెళుతున్నాం. తర్వాత సర్జన్ దగ్గర నాన్నే అడుగుతానన్నారు, నడక గురించి.

ఈలోగా ఒక సాయం. నాన్న బరువు 46 కిలోలకు దిగారు. ఆపరేషన్‌కు ముందు కాస్త పెరగాలట. నోరు తెరుచుకోనివాళ్లకు మీ ఇళ్లల్లో ఏం పెట్టారు?

కరకట్ట | రాత్రి 9:14

అమ్మా, అన్నయ్యకు రెండేళ్లు నేనే పెట్టాను, అది మాత్రం నాకు బాగా తెలుసు. రాగి జావలో ఉడికిన గుడ్డు, చెంచాడు వేరుశనగ నూనె వేసి మిక్సీ పట్టి వడగట్టండి. పెసరపప్పు కట్టులో నెయ్యి. కారం, పులుపు వద్దు, పుండు మండుతుంది. గంటన్నరకోసారి అరగ్లాసు చొప్పున పెట్టండి, ఒకేసారి ఎక్కువ పెడితే వాంతి చేసుకుంటారు. వాలుగా కూర్చోబెట్టి తాగించాలి, పడుకోబెట్టి వద్దు. తాగాక ఉప్పునీళ్లతో పుక్కిలించమనండి. మూతి పొడుగ్గా ఉన్న స్టీలు గిన్నె ఒకటి అన్నయ్యది మా ఇంట్లో ఉంది. సోమవారం గుంటూరు వస్తే ఆసుపత్రి దగ్గరికి తెచ్చిస్తాను.